మీరడగండి, మేం చెబుతాం: తుపాకీ చేతిలో ఉండీ ఎందుకు కాల్చలేదు?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజులు ముందేసుకుని కూర్చుంటే సగానికి పైగా ఒకటే ముచ్చట. యుద్ధం వస్తే మనకేమవుతుంది, దేశాలన్నీ కలిసి పెట్టుకున్న ఇన్ని సంఘాలు ఏం చేస్తున్నాయి, శాంతి ఒప్పందాలంటే ఉత్త కాగితాలేనా అని. మామూలుగా ఈ పేజీకి పట్టా పాసుపుస్తకాల తిప్పలు, హాస్టల్ సీట్లు, ఊరికి బస్సు రావట్లేదన్న ఫిర్యాదులు వస్తాయి. ఈసారి హఠాత్తుగా అందరూ విదేశాంగ మంత్రులైపోయారు, రాత్రి తొమ్మిదింటి టీవీ చర్చల మహిమ అనుకుంటాను. ఒకేలాంటివి కలిపేసి ఏడింటికి జవాబు రాస్తున్నాను. పేర్లు వేయొద్దని కొందరు కోరారు, అందుకని ఎవరివీ వేయలేదు.

ప్రశ్న: మా పెద్దోడు కువైట్‌ల డ్రైవరు, చిన్నోడు దోహాల హెల్పరు. ఆడ లడాయి అయితే మా పిల్లగాళ్లను ఎవరు తోల్కొస్తరు? మన దేశం పోయి తెస్తదా, ఆ దేశపోళ్లే పంపిస్తరా?
– ఒక తల్లి, కోరుట్ల దగ్గరి పల్లె, జగిత్యాల జిల్లా

అమ్మా, రెండూ కలిస్తేనే అవుతుంది. విమానం మనదే కావచ్చు, అది ఎగరాల్సిన ఆకాశం మాత్రం మనది కాదు, దిగాల్సిన రన్‌వే మనది కాదు. 1990 ఆగస్టులో సద్దాం హుస్సేన్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడి నుంచి మనవాళ్లు లక్షా 70 వేల మంది దాకా బయటపడ్డారు. ఎట్లా వచ్చారు? చాలామంది బస్సుల్లో ఇరాక్ మీదుగా ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్‌లో ఎయిరిండియా విమానం ఎక్కారు. ఆ దారిన పోనివ్వడానికి ఇరాక్ ఒప్పుకోవాలి, జోర్డాన్ గేటు తెరవాలి. అందుకే అప్పటి విదేశాంగ మంత్రి గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లారు, సద్దాం ఆయన్ను కౌగిలించుకున్న ఫొటో పేపర్లలో పడి ఆయన బోలెడు తిట్లు కూడా తిన్నారు. తిట్లు తింటే తిన్నారు, రెండు నెలల్లో 488 విమానాల్లో జనం ఇళ్లకు చేరారు. మా ఊళ్లో ఒకాయన అట్లా వచ్చినవాడే. సంపాదించిందంతా అక్కడే వదిలేసి ఒక టేప్‌రికార్డరు మాత్రం ఒళ్లో పెట్టుకుని వచ్చాడు, అది ఆ తర్వాత పదేళ్లు మా వాడకట్టంతటికీ పాటలు వినిపించింది.

2015లో యెమెన్ సంగతి ఇంకా చిత్రం. సౌదీ విమానాలు బాంబులు వేస్తున్నాయి, అదే ఆకాశంలో మన విమానం పోవాలి. సౌదీతో మాట్లాడి రోజూ కొంత సమయం మన విమానాలకు వదిలేలా ఒప్పించారు, ఏడెన్ నుంచి మన నౌకలు జనాన్ని జిబూతీకి చేర్చాయి. 4,640 మంది మనవాళ్లు, వాళ్లతో పాటు 41 దేశాలకు చెందిన 960 మంది బయటపడ్డారు. అదే సమయంలో ముకల్లా అనే రేవులో చిక్కుకున్న 11 మంది భారతీయులను ఎవరు ఎక్కించుకున్నారో తెలుసా? పాకిస్తాన్ నౌక. కరాచీ తీసుకెళ్లి, అక్కడి నుంచి వాళ్ల విమానంలోనే ఢిల్లీకి పంపారు. మనవాళ్లు తెచ్చినవాళ్లలో పాకిస్తానీయులూ ఉన్నారు. ఇట్లాంటివి టీవీలో పది నిమిషాలు కూడా ఉండవు.

2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ కొట్టుకున్నప్పుడూ అంతే. మూసేసిన ఆకాశాన్ని మన విద్యార్థుల విమానాల కోసం ఇరాన్ ప్రత్యేకంగా తెరిచింది, కొందరు రోడ్డు మీద ఆర్మేనియా దాటి వచ్చారు. ఆ నెలలోనే ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద క్షిపణులు పడ్డ రాత్రి దోహా ఆకాశం కొన్ని గంటలు మూతపడింది. మీ చిన్నోడు ఆ రాత్రి మీకు ఫోన్ చేసే ఉంటాడు.

కాబట్టి అమ్మా, మీరు చేయగలిగినవి చెబుతాను. ఇద్దరి పాస్‌పోర్టు, వీసా, అక్కడి ఐడీ కార్డు ఫొటోలు మీ ఫోన్లో ఉంచుకోండి. అక్కడి మన ఎంబసీలో పేరు రాయించుకున్నారా అని అడగండి, లేకపోతే ఈ వారమే చేయమనండి, ఎందుకంటే తోల్కొచ్చే రోజున వాళ్ల చేతిలో ఉండేది ఆ లిస్టే. ఏదన్నా ఆపద వస్తే మదద్ అనే పోర్టల్‌లో ఇక్కడి నుంచి మీరే ఫిర్యాదు పెట్టొచ్చు. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (బయటి దేశంలో పనికి పోయేముందు మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి) మీద పోయినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, పది లక్షలది. గడువు రెండేళ్లో మూడేళ్లో ఉంటుంది, అయిపోతే మళ్లీ కట్టాలి, అది మాత్రం చాలామంది మరిచిపోతారు. విజిట్ వీసా మీద పోయి ఉంటే ఈ బీమా, ఈ లిస్టు ఏదీ దానంతట అది రాదు. ఏజెంటు మాట నమ్మి పోయినవాళ్ల ఇళ్లలో ఆఖరికి ఏడుపు మిగిలేది ఇక్కడే.

ప్రశ్న: లడఖ్‌లోని గల్వాన్‌లో చైనావాళ్లతో గొడవప్పుడు మనవాళ్ల దగ్గర తుపాకులు ఉన్నాయంటారు, మరి రాళ్లతో కర్రలతో కొట్టుకోవడమేంది సార్? కాల్చొద్దని ఒప్పందం రాసుకున్నవాళ్లకు బుద్ధి ఉందా?
– డిగ్రీ సెకండియర్ విద్యార్థి, హనుమకొండ

తమ్ముడూ, ఆ బుద్ధి మొదట పుట్టించినాయనది మీ జిల్లానే. 1993 సెప్టెంబర్‌లో పీవీ నరసింహారావు ప్రధానిగా బీజింగ్ వెళ్లినప్పుడు, వాస్తవాధీన రేఖ (చైనా అధీనంలోని భూమికీ మన అధీనంలోని భూమికీ మధ్య గీత) వెంట శాంతిగా ఉందామని రెండు దేశాలూ మొదటి ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. ఆయన పెరిగిన వంగర నువ్వు బండి తీస్తే గంట ప్రయాణం. దానికి కొనసాగింపుగా 1996 నవంబర్‌లో ఢిల్లీలో రెండోది కుదిరింది, నువ్వడిగే ముక్క దీని ఆరో అధికరణంలో ఉంది. రేఖకు రెండు కిలోమీటర్ల లోపల ఎవరూ కాల్పులు జరపకూడదు, పేలుళ్లు చేయకూడదు, చివరికి తుపాకీతో వేట కూడా ఆడకూడదు. వేట అనే ఆ మాట చదివి మొదట నవ్వుకున్నాను, తర్వాత రాసినవాళ్లకు సరిహద్దంటే ఏందో తెలుసు అనిపించింది. ఎవడో మేకను కొడతాడు, అవతలి గుట్ట మీదోడికి మేక కనబడదు, తుపాకీ చప్పుడే వినబడుతుంది.

అసలు లోపం ఆ నిబంధనలో లేదు, రేఖలో ఉంది. ఆ రేఖ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో ఇద్దరూ ఒప్పుకున్న పటం ఒకటి లేదు. మధ్య సెక్టార్ దాకా పటాలు మార్చుకున్నారు, లడఖ్ వైపు వచ్చేసరికి పని ఆగింది. హద్దురాళ్లు పాతకుండానే గట్టు దగ్గర కొట్టుకోవద్దని కాగితం రాసుకున్నట్టు అయింది. మన ఊళ్లలో అట్లాంటి గట్లు ఎన్ని తలలు పగలగొట్టాయో నీకు తెలియనిది కాదు.

2020 జూన్ 15 రాత్రి జరిగింది అదే. 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్ కర్నల్ సంతోష్ బాబు, మన సూర్యాపేట బిడ్డ, వెనక్కి పోతామన్న చైనావాళ్లు పోయారా లేదా చూడటానికి వెళ్లిన చోట గొడవ మొదలైంది. మేకులు కొట్టిన కర్రలు, ఇనుప రాడ్లు, రాళ్లు, కింద గడ్డకట్టే నీళ్లు. మనవాళ్లు ఇరవై మంది పోయారు. తమవాళ్లు నలుగురు పోయారని చైనా చెప్పడానికి ఎనిమిది నెలలు పట్టింది.

మరి కాల్చి ఉండాల్సిందా? నా మటుకు నేను ఆ కట్టుబాటు తప్పనను. 1975లో అరుణాచల్ వైపు తులుంగ్ లా దగ్గర నలుగురు అస్సాం రైఫిల్స్ జవాన్లు చనిపోయాక, ఆ సరిహద్దు మీద 45 ఏళ్లు తూటా పేలలేదు. మళ్లీ పేలింది 2020 సెప్టెంబర్‌లోనే, అదీ గాల్లోకి. ఆ రాత్రి చీకట్లో వందల మంది ఒకరి మీద ఒకరు పడి కొట్టుకుంటున్నప్పుడు ఒక్కడు ట్రిగ్గర్ నొక్కితే లెక్క ఇరవై దగ్గర ఆగేది కాదు, రెండూ అణుబాంబులున్న దేశాలు. ఇది హనుమకొండలో ఫ్యాన్ కింద కూర్చుని రాస్తున్న మాట అని నాకు తెలుసు, సూర్యాపేటలో ఆ తల్లిదండ్రుల ఎదుట నిలబడి ఇదే మాట అనే ధైర్యం నాకు లేదు. 2024 అక్టోబర్‌లో లడఖ్‌లోనే దెప్సాంగ్, దెమ్‌చోక్ దగ్గర గస్తీ ఎట్లా తిరగాలో మళ్లీ మాట్లాడుకున్నారు. హద్దురాళ్లు మాత్రం ఇంకా పాతలేదు.

ప్రశ్న: గ్రూప్-2కి చదువుతున్నా. సార్క్ ఇంకా ఉన్నట్టా లేనట్టా? పుస్తకంలో ఉంది, పేపర్లో లేదు.
– కరీంనగర్ నుంచి

సార్క్ అంటే దక్షిణాసియా దేశాల సంఘం. సంఘం ఉంది, మీటింగు లేదు. మన కాలనీ అసోసియేషన్లు చాలా వరకు ఇట్లాగే ఉంటాయి కదా. 1985 డిసెంబర్ 8న ఢాకాలో ఏడు దేశాలతో పుట్టింది, 2007లో అఫ్గానిస్తాన్ చేరి ఎనిమిదైంది, ఆఫీసు ఖాట్మండులో ఉంది. ఆఖరి శిఖరాగ్ర సమావేశం 2014 నవంబర్‌లో ఆ ఖాట్మండులోనే. 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సింది ఉరీ దాడి తర్వాత మనం రామన్నాం, బంగ్లాదేశ్, భూటాన్, అఫ్గానిస్తాన్ కూడా రామన్నాయి, అంతే, అప్పటి నుంచి జరగలేదు. బిట్ కోసం గుర్తుంచుకో: దాని చార్టర్ పదో అధికరణం ప్రకారం నిర్ణయాలన్నీ ఏకగ్రీవంగా ఉండాలి, ఇద్దరి మధ్య తగాదాలు అక్కడ ఎత్తకూడదు. అసలు తగాదా ఎత్తకూడని పంచాయితీకి ఆ తగాదా వల్లనే తాళం పడటం విడ్డూరం. బతికున్న ముక్కలు లేకపోలేదు, ఢిల్లీలో సౌత్ ఏషియన్ యూనివర్సిటీ నడుస్తూనే ఉంది. పాకిస్తాన్ లేని బిమ్స్‌టెక్ (బంగాళాఖాతం చుట్టుపక్కల దేశాల సంఘం) వైపు మనవాళ్లు మొగ్గారు, అది 1997లో బ్యాంకాక్‌లో పుట్టింది, ఏడు దేశాలు, ఆఫీసు ఢాకా, ఆరో శిఖరాగ్రం 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లోనే. పరీక్షకు ఇది చాలు.

ప్రశ్న: ఎక్కడో ఎర్ర సముద్రంల ఓడల మీద దాడులైతే వరంగల్ ఏనుమాముల మార్కెట్ల మిర్చి రేటు పడుతదని ఖరీదుదారులు అంటరు. నిజమా, సాకా?
– మిర్చి రైతు, పరకాల

సగం సాకు, సగం నిజం అన్నా. మీ తేజ మిర్చి ఎక్కువగా పోయేది చైనాకు, ఆ తర్వాత బంగ్లాదేశ్, థాయిలాండ్, శ్రీలంక వైపు. ఇవన్నీ తూర్పు దారులు, ఎర్ర సముద్రం ఉన్నది పడమట. కాబట్టి మీ బస్తా ఆ దారి తొక్కదు. ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) సరుకు నిండుగా ఉండి, కొత్తది మార్కెట్‌ను ముంచెత్తి రేటు పడితే దానికి యెమెన్ తిరుగుబాటుదారులను తిట్టి లాభం లేదు.

కానీ నిజం ఉన్న సగం ఏందంటే, మేడారం జాతరకు బస్సులన్నీ మళ్లిస్తే జాతరకు పోని మన రూటుకు కూడా బస్సు దొరకదు చూడండి, అట్లాంటిది. 2023 నవంబర్ నుంచి ఆ యెమెన్ తిరుగుబాటుదారులు, హౌతీలు, ఓడల మీద దాడులు మొదలుపెడితే పెద్ద కంపెనీలు సూయజ్ కాలువ వదిలేసి ఆఫ్రికా ఖండం మొత్తం చుట్టి పోవడం మొదలుపెట్టాయి. ఒక్కో ట్రిప్పుకు పది పన్నెండు రోజులు అదనం. ఓడలు, ఖాళీ కంటెయినర్లు ఆ తిరుగుడులోనే ఇరుక్కుపోయి, ఎర్ర సముద్రంతో సంబంధం లేని దారుల్లోనూ కిరాయిలు పెరిగాయి. ఎగుమతిదారుడు ఆ కిరాయిని ఎవరి మీద రుద్దుతాడో మీకు నేను చెప్పాలా.

ఓడలు అటు మళ్లగానే సోమాలియా దొంగలు మళ్లీ లేచారు. 2023 డిసెంబర్‌లో వాళ్లు ఎంవీ రుయెన్ అనే ఓడను పట్టుకుపోయారు. మాల్టా జెండా, బల్గేరియా కంపెనీ, అందులో పనిచేసేవాళ్లు బల్గేరియా, మయన్మార్, అంగోలావాళ్లు. ఒక్క భారతీయుడు లేడు. 2024 మార్చిలో దాన్ని విడిపించింది మాత్రం మన ఐఎన్ఎస్ కోల్‌కతా, మన తీరానికి 2,600 కిలోమీటర్ల అవతల. నలభై గంటల పాటు వెంటాడి, విమానంలోంచి కమాండోలను సముద్రంలోకి దింపి, 17 మందిని ప్రాణాలతో తెచ్చారు, 35 మంది దొంగలను ముంబై తెచ్చి పోలీసులకు అప్పజెప్పారు. మనవాళ్లు లేని ఓడకు మనమెందుకు అంటే, ఏ దేశానికీ చెందని సముద్రంలో దొంగను ఏ దేశమైనా పట్టుకోవచ్చు, శిక్షించవచ్చు అనేది అందరూ ఒప్పుకున్న చట్టం. దానికి తగ్గట్టు మనం 2022లో సొంత చట్టం కూడా చేసుకున్నాం. గురుగ్రామ్‌లో 2018 నుంచి నౌకాదళ కేంద్రం ఒకటి నడుస్తోంది, పదికి పైగా దేశాల నేవీ అధికారులు అక్కడే మన అధికారులతో పాటు కూర్చుని, హిందూ మహాసముద్రంలో ఏ ఓడ ఎక్కడుందో, ఏది అనుమానంగా తిరుగుతుందో చూస్తుంటారు. సముద్రమే లేని గురుగ్రామ్‌లో సముద్రం కాపలా!

సముద్రం లేని ఊరంటే మన ఓరుగల్లు మాత్రం తక్కువదా? గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు, ఇప్పుడది బాపట్ల జిల్లాలో ఉంది. అంతకు ముందు రాజులు తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాగేసుకునేవారు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని ఇంత సాహసం చేసి వచ్చే వర్తకుల మీద దయతో, ఉండాల్సిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టుకోము అని ఆయన మాటిచ్చాడు. ఏ దేశం వర్తకుడైనా సరే అని. దయ ఎంతో, లెక్క ఎంతో చెప్పలేను గానీ, రేవు భద్రంగా ఉంటేనే ఖజానా నిండుతుందని కోటలో కూర్చున్నాయనకు అర్థమైంది.

ప్రశ్న: గోదావరి మీద పక్క రాష్ట్రంతో మాట తెంచుకోవడానికే మనకు తరం గడిచింది. పగలున్న దేశాలు నీళ్లు, భూములు ఎట్లా పంచుకుంటాయి?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, మహాదేవపూర్

సారూ, మీరు మేడిగడ్డ పక్కనే ఉన్నారు, ఆ ముచ్చట నాకంటే మీకే ఎక్కువ తెలుసు. మహారాష్ట్రతో గోదావరి మీద 1975లో ఒక మాట అనుకుంటే, మేడిగడ్డ వంద మీటర్ల ఎత్తుకు సిరొంచ వైపు ముంపు ఎంత, ఎవరిది అని తేల్చి సంతకం పెట్టేసరికి 2016 ఆగస్టు వచ్చింది. కట్టాక ఆ బ్యారేజీ గతేమైందన్నది వేరే కథ.

సరిగ్గా అంతే కాలం పట్టిన ఇంకో ఒప్పందం ఉంది, అదీ 41 ఏళ్లే. బంగ్లాదేశ్ సరిహద్దులో కూచ్‌బిహార్ వైపు మన ఊళ్లు 111 వాళ్ల దేశం లోపల, వాళ్ల ఊళ్లు 51 మన దేశం లోపల ముక్కలు ముక్కలుగా ఉండేవి. వాటిలో దహలా ఖగ్రాబరి అనే చెక్క అన్నిటికంటే వింత. అది భారత భూమి, దాని చుట్టూ బంగ్లాదేశ్ ఊరు, ఆ ఊరి చుట్టూ భారత్ ఊరు, దాని చుట్టూ బంగ్లాదేశ్. చూడబోతే ఒక జనపనార చేను. అన్ని ముక్కల్లో కలిపి యాభై వేల మందికి పైగా ఉండేవారు, చుట్టూ పరాయి దేశం కాబట్టి బడికి పోవాలన్నా, కరెంటు కావాలన్నా, దొంగతనమైతే పోలీసుకు చెప్పాలన్నా దారి లేదు. పిల్లల్ని బడిలో వేయడానికి అవతలి దేశం మనిషిని తండ్రిగా రాయించినవాళ్లున్నారు. ఇందిరాగాంధీ, ముజీబుర్ రెహమాన్ 1974లో మార్చుకుందామన్నారు, 2015లో రాజ్యాంగానికి నూరో సవరణ చేసి జూలై 31 అర్ధరాత్రి మార్చుకున్నారు. మనం ఇచ్చింది 17 వేల ఎకరాల పైచిలుకు, పుచ్చుకుంది 7 వేల ఎకరాల పైచిలుకు. ఇచ్చింది ఎక్కువ కదా అని అప్పుడు గోల చేసినవాళ్లు ఉన్నారు. పోలేని, పన్ను వసూలు చేయలేని భూమి ఎన్ని ఎకరాలుంటే ఏం సారూ?

అంతకు ముందు ఏడాదే సముద్రం హద్దు కూడా తేలింది. హేగ్‌లోని ట్రిబ్యునల్ 2014 జూలైలో, తగువులో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌వే అంది. పెద్ద దేశం మనం, కాదంటే బలవంతంగా ఒప్పించేవాడు లేడు, అయినా సరే అన్నాం. ఆ సముద్రంలో రెండు దేశాలూ మాదంటే మాదని కొట్టుకున్న న్యూ మూర్ అనే చిన్న దీవి ఉండేది, తీర్పు వచ్చేలోపే అది నీళ్లలో మునిగిపోయింది.

నీళ్ల సంగతి ఇంత తియ్యగా లేదు. 1960 సెప్టెంబర్ 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సింధు ఒప్పందం చేసుకున్నారు, ప్రపంచ బ్యాంకు మధ్యవర్తి. రావి, బియాస్, సట్లెజ్ మనకు, సింధు, జీలం, చీనాబ్ ఎక్కువ భాగం వాళ్లకు. ఒక్కో నదిలో వాటా ఎంత అని కొట్టుకోకుండా నదులనే పంచేసుకున్నారు, అన్నదమ్ములు బావిలో వాటాలు పెట్టుకోకుండా చెరో బావి తీసుకున్నట్టు. 1965, 1971, కార్గిల్ మూడింటినీ తట్టుకున్న ఒప్పందం అది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత మనం దాన్ని పక్కన పెట్టాం. 26 మందిని చంపాక కోపం రావడం న్యాయమే. అయితే నీళ్ల లెక్కలు, వరద కబుర్లు మార్చుకునే అలవాటు ఒకసారి తప్పితే మళ్లీ పట్టాలెక్కించడం ఎంత కష్టమో కృష్ణా బోర్డు మీటింగులు చూసిన మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: ఐక్యరాజ్యసమితిల అయిదుగురికి వీటో ఇచ్చినంక మిగిలినోళ్లు చప్పట్లు కొట్టుడేనా?
– సింగరేణి కార్మికుడు, గోదావరిఖని

పెద్ద తగాదాల్లో దాదాపు అంతే అన్నా, దాచేదేముంది. సభ్యులు 193, భద్రతా మండలిలో 15, అందులో అయిదుగురికి అడ్డుపుల్ల వేసే హక్కు. ఆ అయిదుగురిలో ఒకరు యుద్ధంలో ఉంటే, లేదా వాళ్ల దోస్తు ఉంటే, మండలి చేతులు కట్టేసినట్టే. మన యూనియన్లో ఒక్కడు కాదంటే సమ్మె నోటీసు ఆగిపోతుందని రాసుకుంటే ఎట్లుంటది?

కానీ చిన్న దేశాల్లో, టీవీలు చూడని చోట్ల నీలి టోపీల వాళ్లు, అంటే ఐక్యరాజ్యసమితి శాంతి దళాలు, చేసే పని వేరు. 1950ల నుంచి ఇప్పటిదాకా మన దేశం నుంచి పోయిన శాంతి సైనికులు దాదాపు మూడు లక్షల మంది, తిరిగి రానివాళ్లు 180 దాకా. 1961లో కాంగోలో చనిపోయిన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియాకు పరమవీర చక్ర ఇచ్చారు. 2007లో లైబీరియాకు వంద మందికి పైగా మహిళలతో సీఆర్‌పీఎఫ్ దళం వెళ్లింది. అందరూ ఆడవాళ్లే ఉన్న శాంతి పోలీసు దళం లోకంలో అదే మొదటిది. పద్నాలుగేళ్లు అంతర్యుద్ధంలో నలిగిన ఊళ్లలో, తుపాకీ పట్టిన మగవాణ్ని చూస్తే వణికే ఆడవాళ్లు వీళ్ల దగ్గరికి వచ్చి మాట్లాడేవారు. రాత్రి గస్తీ, అధ్యక్షురాలి ఆఫీసు కాపలా, పగలు బళ్లో పిల్లలకు పాఠాలు. 2016 దాకా ఏటా కొత్త జట్టు పోతూనే ఉంది. వీటో ఉన్నవాళ్లకు ఈ పని తీరదు, మూటలు సర్దుకుని పోయేది మనలాంటి దేశాలవాళ్లే. బంగ్లాదేశ్, నేపాల్, పాకిస్తాన్ కూడా ఈ లెక్కలో ముందు వరసలోనే ఉంటాయి, అది కూడా ఒప్పుకోవాలి.

ప్రశ్న: ఇండియా, పాకిస్తాన్ మాట్లాడుకోవడం లేదని మా సోషల్ టీచర్ చెప్పారు. మరి మే నెలలో యుద్ధం ఆపుదామని ఎవరు ఎవరికి ఫోన్ చేశారు? నంబర్ ఎట్లా తెలుసు?
– ఎనిమిదో తరగతి అమ్మాయి, నర్సంపేట

ఈ నెల నాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న నీదే తల్లీ. నంబర్ వెతుక్కోవాల్సిన పని లేదు, ఆ లైను 1971 యుద్ధం తర్వాత వేసుకున్నదే. రెండు సైన్యాల్లోనూ డీజీఎంఓ అని ఒక పెద్ద అధికారి ఉంటారు, ఆ ఇద్దరి ఆఫీసుల మధ్య హాట్‌లైన్ ఉంటుంది. నాయకులు మాట్లాడుకోకపోయినా అది మోగుతుంది. 2025 మే 10న మధ్యాహ్నం 3 గంటల 35 నిమిషాలకు పాకిస్తాన్ డీజీఎంఓ మన డీజీఎంఓకు ఫోన్ చేశారు, సాయంత్రం 5 గంటల నుంచి కాల్పులు ఆపుదామనుకున్నారు. ఆపించింది నేనే అని అమెరికా అధ్యక్షుడు అన్నారు, కాదు మేమిద్దరమే మాట్లాడుకున్నామని మన ప్రభుత్వం అంది, ఆ తగువు మీ టీచర్‌కు వదిలేద్దాం.

మీ టీచర్‌కు చెప్పడానికి ఇంకో రెండు సంగతులు రాసుకో. ఒకరి అణు కేంద్రాల మీద ఒకరం దాడి చేయొద్దని రెండు దేశాలూ 1988లో రాసుకున్నాయి. దాని ప్రకారం ప్రతి జనవరి 1న తమ అణు కేంద్రాలు ఎక్కడున్నాయో లిస్టు ఒకరికొకరు ఇచ్చుకోవాలి. 1992లో మొదలైంది, కార్గిల్ వచ్చింది, ముంబై దాడులు వచ్చాయి, బాలాకోట్ వచ్చింది, అయినా ఏ ఏడాదీ ఆగకుండా 2025 జనవరి 1కి 34సార్లు అయింది.

రెండోది ఖైదీల లిస్టు. 2008 ఒప్పందం ప్రకారం ఏడాదికి రెండుసార్లు, జనవరి 1న, జూలై 1న, తమ జైళ్లలో అవతలి దేశం వాళ్లు ఎవరున్నారో ఇచ్చుకోవాలి. మేలో క్షిపణులు విసురుకున్నారా, రెండు నెలలు తిరక్కముందే జూలై 1న ఆ లిస్టులూ మార్చుకున్నారు. పాకిస్తాన్ ఇచ్చినదాంట్లో మనవాళ్లు లేదా మనవాళ్లే అనుకుంటున్నవాళ్లు 53 మంది పౌరులు, 193 మంది జాలర్లు. మనం ఇచ్చినదాంట్లో 382 మంది పౌరులు, 81 మంది జాలర్లు. సముద్రంలో గీత కనబడదు కదా, వల వెనక పడవ, పడవ వెనక మనిషి అట్లా అవతలికి పోతారు. 2018లో గుజరాత్ తీరంలో వేటకు పోయి పట్టుబడ్డవాళ్లలో ఇరవై మంది ఉత్తరాంధ్ర జాలర్లు, ఎక్కువమంది శ్రీకాకుళంవాళ్లే. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరిలో వాఘా గేటు దాటి ఇవతలికి నడిచొచ్చారు.